మింగేసిన ఉప్పు

అక్టోబర్ 4

కాఫీ: వేడి మాత్రమే.

అల్లం ముక్క: మంట. మంట రుచి కాదని డాక్టరు ముందే చెప్పాడు.

నిమ్మకాయ: దవడలు లాగాయి. దీన్ని రుచి కింద వేసుకోవచ్చా? వేసుకున్నాను.

రోజూ ఏ రుచి తెలిసిందో, ఏ వాసన తగిలిందో రాసుకోమని విశాఖపట్నం డాక్టరు చెప్పి తొమ్మిది నెలలైంది. జనవరిలో వచ్చిన జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. పోతూ పోతూ నా రుచినీ వాసననీ పట్టుకుపోయింది. ఎరువుల కంపెనీ వాళ్లిచ్చిన ఈ డైరీలో ముప్పాతిక పేజీల్లో 'లేదు' అనే ఉంది. ఈ సంగతి డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వను కూడా. అనకాపల్లిలో బెల్లం వర్తకుడికి నాలుక పోయిందంటే కొట్టు తాళం ఎవరి చేతికైనా ఇచ్చి ఇంట్లో కూర్చోవాల్సిందే. వచ్చే నెలలో కొత్త బెల్లం యార్డుకి వస్తుంది. ఈలోపు రుచి తిరిగి వస్తుంది. రావాలి.

అమ్మణ్ణి కాఫీ గ్లాసు తీసుకుంటూ "పంచదార సరిపోయిందా?" అని అడిగింది. పెళ్లయిన పదహారేళ్లుగా రోజూ అడుగుతుంది. 

"సరిపోయింది" అన్నాను.

అక్టోబర్ 5

లేదు.

దేవీప్రసాద్ వ్యాన్ తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి హారన్‌తో వీధంతా లేపాడు. మొన్నటిదాకా స్కూలు పిల్లల్ని తిప్పిన వ్యానే. ఆ స్కూలు వేరే వాళ్లని పెట్టుకోవడంతో సీట్లు పీకేసి, రెండు మంచాలూ ఒక గ్యాస్ పొయ్యీ పెట్టి, పైన నీలం రంగు వేశాడు. తలుపు దగ్గర పాత పసుపు రంగు ఇంకా కనిపిస్తూనే ఉంది. టూరిస్టులకి అద్దెకిస్తాడట. ముందు మనం ముగ్గురం సముద్రం పక్కనే నాలుగు రోజులు తిరిగి చూద్దాం అంటాడు. సురేష్‌బాబు అప్పుడే బట్టలు సర్దేసుకున్నాడు. ముగ్గురం ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. సురేష్ కొట్టూ నా కొట్టూ పక్కపక్కనే.

వాయుగుండం అంటున్నారు, వద్దన్నాను. నా మాట ఎవడు విన్నాడు?

అక్టోబర్ 6

బయల్దేరాం. వాన కూడా మాతోనే బయల్దేరింది.

అచ్యుతాపురం దాటేసరికి వ్యాన్ పైకప్పు నుంచి నీళ్లు సురేష్ తలగడ మీద పడటం మొదలైంది.

"ఇది క్యాంపర్ వ్యానేటి బావా, జల్లెడా?" అన్నాడు సురేష్.

"ట్రయల్ అన్నాను కదరా. కారినచోటల్లా చాక్‌పీసుతో మార్కు పెట్టు" అన్నాడు దేవీప్రసాద్. సురేష్ నిజంగానే పెట్టాడు. మధ్యాహ్నానికి పైకప్పు మీద పద్నాలుగు సున్నాలు.

సముద్రం ఎడమ చేతి పక్కనుంచి తప్పకూడదని దేవీప్రసాద్ పట్టు. పూడిమడక, రాంబిల్లి, రేవుపోలవరం, పెంటకోట, అక్కణ్ణుంచి ఉప్పాడ. ఈ వానలో ఇసక దారులెందుకు, హైవే ఎక్కి తునిలో దిగుదామన్నాను. మూడుసార్లు అన్నాను. మూడోసారి గొంతు లేచింది.

"హైవే మీద లారీల్ని సూడ్డానికి ఇంత సంబడం ఎందుకు బావా?" అన్నాడు దేవీప్రసాద్. సురేష్ నా వైపు ఒకసారి చూసి మళ్లీ చాక్‌పీసు అందుకున్నాడు.

ఎందుకు వద్దంటున్నానో ఇక్కడైనా రాసుకోవాలి. రేవుపోలవరానికి ఇవతల ఎర్రయ్య ఊరుంది.

మా యార్డులో రైతు తెచ్చిన బెల్లం దిమ్మల్ని వరసగా పేరుస్తారు. వేలం పాట మొదలయ్యే ముందు ఒకరు దిమ్మ మూల చిదిపి నోట్లో వేసుకోవాలి, ఆ వెంటే మిగతా వర్తకులూ. మింగితే సరుకు మంచిది. పక్కకి ఉమ్మేస్తే ఉప్పు బెల్లం. మాట అక్కర్లేదు. మా నాన్న వెంకటరమణమూర్తి గారు ముప్పై ఏళ్లు ఆ పని చేశారు. ఆయన తర్వాత నేను. నేను ఉమ్మిన సరుకుని పాడేవాడు ఉండడు. అది పశువుల దాణాకి పోతుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు దేవరాపల్లి సరుకు మింగేశాను. అది మాడిపోయిన బెల్లమట. సురేష్ దాన్ని కొని కటక్ పంపితే, అక్కడి పార్టీ ఫోన్ చేసి అతన్ని తిట్టాడు. మర్నాడు యార్డులో అందరూ నా మొహమే చూస్తున్నట్టనిపించింది. వరసలో ముందు ఎర్రయ్య దిమ్మలు. సముద్రం పక్క ఊరు, అక్కడి బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయని అందరూ అనేదే. చిదిపి నోట్లో వేసుకున్నాను. మట్టి వేసుకున్నా అంతే. ఉమ్మేశాను.

ఉప్పే ఉండి ఉంటుంది. సముద్రం పక్క నేల కదా.

ఎర్రయ్య చెరకు తీసేస్తున్నాడని మొన్న ఎవరో అన్నారు. చెరకు ఎంతోమంది తీసేస్తున్నారు. అందరూ నా వల్లే తీసేస్తున్నారా?

అక్టోబర్ 7

పూడిమడక. పొద్దున్నే వాళ్లిద్దరూ పడవల దగ్గరికి వెళ్లినప్పుడు ఒడ్డు కిందికి దిగి దోసెడు సముద్రపు నీళ్లు నోట్లో పోసుకున్నాను. చల్లగా ఉన్నాయి. గొంతు దగ్గర ఏదో గరగరలాడింది. కాస్త ఉప్పగా అనిపించిందేమో. అనిపించిందనే రాస్తున్నాను.

సాయంత్రం 4 గంటలకి

వాళ్లు చేపల దగ్గర బేరాలాడుతుంటే (సురేష్ ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టనట్టు ఉంటాడు, ఊరు దాటితే వంజరం చేప అడుగుతాడు) నేను టీ పెడదామని వ్యాన్ ఎక్కాను. వాన జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అగ్గిపెట్టె తీసి పుల్ల పట్టుకున్నాను. దేవీప్రసాద్ పరిగెత్తుకొచ్చి నా చేతిమీద కొట్టాడు. అగ్గిపెట్టె బురదలో పడింది.

"సచ్చిపోతావేట్రా! గ్యాసు కంపు వీధి సివరికి కొడతంటే ముక్కు పన్జెయ్యట్లేదా నీకు?"

ట్యూబు ఊడిపోయి ఉందట. ఎంతసేపటి నుంచో.

"జలుబు" అన్నాను.

"వ్యాన్‌లో నీకు జలుబు చేసినట్టే లేదు బావా" అన్నాడు సురేష్. "ఒక్క తుమ్ము కూడా వినలేదు నేను."

జలుబే. వాన వాతావరణానికి ముక్కు దిబ్బడ వేసింది. ఎవరికైనా వేస్తుంది.

అక్టోబర్ 8

రోజంతా వాన. రాంబిల్లి దగ్గర ఒక షెడ్డు కింద ఆగాం. ముగ్గురం ఒకే మంచం మీద, రెండోదాని మీద నీళ్లు. దేవీప్రసాద్ ఉప్మా చేశాడు. సురేష్ ఒక ముద్ద తిని మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేనూ అతన్ని చూసి మొహం తిప్పుకున్నాను. తొమ్మిది నెలలుగా ఇదే పని. ఎదుటివాడి మొహం చూసి రుచి చెప్పడం.

ఇక్కణ్ణుంచైనా హైవేకి పోదాం అన్నాను. సురేష్ "ఏ ఊరంటే బావా నీకు భయం?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఇంటికి పోవాలని ఉంది. ఇంటికి పోతే యార్డు. ఎక్కడికి పోవాలో తెలియడం లేదు.

జలుబు తగ్గితే అన్నీ సర్దుకుంటాయి.

అక్టోబర్ 9

పొద్దున తొమ్మిదింటికి వాన కాస్త తెరిపిచ్చింది. రేవుపోలవరం ఆరు కిలోమీటర్లుందనగా దారి పక్కన కాలవ గట్టు తెగి బురదంతా రోడ్డు మీదికొచ్చింది. దేవీప్రసాద్ ఎలాగైనా దాటించేస్తానన్నాడు. దాటించేశాడు, సగం దాకా. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. దిగి తోశాం. నేను బురదలో కూర్చున్నాను కూడా. వ్యాన్ మాత్రం కదల్లేదు.

గొడుగు పట్టుకుని ఒక మనిషి గట్టు దిగి వచ్చాడు. దూరం నుంచే పోల్చుకున్నాను. పోల్చుకోనట్టు వ్యాన్ వెనక్కి వెళ్లాను. అక్కడా బురదే, ఎక్కడికి పోతాను?

"సావుకారు గోరా!" అన్నాడు ఎర్రయ్య. "మీరేటి బాబు ఇలాగొచ్చేరు? తడిసి ముద్దయిపోనారు. రండి, అరుగు మీద కూకోండి. వాన ఎలిసేక దున్నల్ని కట్టి లాగించేత్తాను."

ఉమ్మేసిన వాడినని గుర్తులేదా అనుకున్నాను. గుర్తుంది. ఉన్నా పిలిచాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

అరుగు మీద నల్ల కవర్లలో సరుగుడు మొక్కలు వందల కొద్దీ పేర్చి ఉన్నాయి. వాటిని పక్కకి జరిపి మాకు చోటు చేశాడు. ఎర్రయ్య భార్య బుల్లమ్మ గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. పలకరించలేదు. లోపలికి వెళ్లిపోయింది.

"సెరుకు తీసేసేవా ఎర్రయ్యా?" అని సురేష్ అడిగాడు.

"మూడెకరాలు తీసేసి సరుగుడు ఏసేసేను బాబు. అరెకరం ఉంది. వాన ఎలిత్తే అదీ దున్నేసి ఇయ్యి పాతేత్తాను." నా వైపు తిరిగి, ఏమాత్రం ఎత్తిపొడుపు లేకుండా అన్నాడు. "మీరు సేసింది మంచిదే బాబు. మా నాన్న కాడ్నించి ఈ బెల్లమే తింటన్నాం, ఉప్పని మాకు తెలీనేదు. అలవాటైపోనాది గావాల. అలవాటైన నోటికి ఏటి తెలుత్తాది?"

తన నాలుక సరైనది కాదని నమ్మేశాడు. నా నాలుకని నమ్మి.

చెప్పెయ్యొచ్చు. ఆ క్షణంలోనే చెప్పెయ్యొచ్చు. పక్కన సురేష్ ఉన్నాడు. చెప్పలేదు. మొక్కల కవర్లు చూస్తూ "సరుగుడు మంచి పంటే" అన్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

బుల్లమ్మ మూడు స్టీలు గ్లాసులు పళ్లెంలో పెట్టి తెచ్చింది. వాళ్లిద్దరూ తీసుకున్నాక మిగిలిన గ్లాసు నాకు తానే చేతికిచ్చింది.

"బెల్లం టీ! అబ్బా, పేణం లేసొచ్చింది" అన్నాడు దేవీప్రసాద్.

నేను తాగాను. వేడిగా ఉంది. నాలుగు రోజులుగా తడిసిన ఒళ్లు, గబగబా తాగేశాను. బుల్లమ్మ కదలకుండా నా నోటివైపే చూస్తోంది. యార్డులో దిమ్మల వెనక నిలబడి రైతులు చూసే చూపు అది. ఏదో అనాలి కదా అని, "చాలా బాగుందమ్మా. బెల్లం సరిగ్గా సరిపోయింది" అన్నాను.

"సరిపోనాదా?"

"సరిపోయింది."

"ఇంకాత్త పొయ్యనా బాబు?"

"పొయ్యి తల్లీ."

లోపలికి వెళ్లి పోసుకొచ్చింది. సగం తాగాను. అప్పుడు బుల్లమ్మ నా చేతిలో గ్లాసు లాక్కున్నట్టే తీసుకుని సురేష్ చేతికిచ్చింది.

"మీరు సూడండి బాబు."

సురేష్ అర్థం కాక ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం అరుగు అంచుకి పరిగెత్తి వానలోకి ఉమ్మేశాడు.

"గుప్పెడుప్పేసేను" అంది బుల్లమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "అంత మందిలో మా బెల్లం ఊసేసేడు. ఉప్పు ఎలాగుంటాదో ఓసారి సూపిద్దామని ఏసేను. కోపమొచ్చి ఊసేత్తాడు, నాలుగు మాటలనెయ్యొచ్చు అనుకున్నాను. ఈ బాబు మింగేసేడు. రెండోది ఇంకా ఎక్కువేసేను. అదీ మింగేసేడు."

ఎర్రయ్య "ఏటే నువ్వు సేసింది?" అని లేవబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. దేవీప్రసాద్ తన గ్లాసులోకి ఒకసారి చూసుకున్నాడు.

జలుబు అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు రుచి తెలీదు ఎర్రయ్యా" అన్నాను. "జనవరి నుంచి తెలీదు. వాసనా తెలీదు. నీ బెల్లంలో ఉప్పుందో లేదో ఆరోజు నాకు తెలీదు. ముందురోజు నా తప్పు ఒకటి బయటపడిందని భయపడి ఉమ్మేశాను. నీ ఊరు సముద్రం పక్కనుందని ఉమ్మేశాను."

ఎర్రయ్య నన్ను తిడతాడని చూశాను. తిడితే బాగుండును. అతను బుల్లమ్మ వైపు తిరిగి చాలా మెల్లగా అడిగాడు.

"అయితే మన నేల ఉప్పు కాదేటే?"

బుల్లమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను అరుగు మీద కూర్చుని ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

అయినా దున్నల్ని కట్టాడు. వ్యాన్ లాగించాడు. ఎక్కబోతుంటే బుల్లమ్మ పాలిథిన్ కవరులో చుట్టిన దిమ్మ ఒకటి తెచ్చి మంచం మీద పెట్టింది.

"ఆరోజు నువ్వు ఊసిన సరుకులోదే. ఒక్కటి దాసేను. ఎందుకు దాసేనో నాకే తెల్దు."

సరుకు తెచ్చే రైతుల ఇళ్లలో నన్ను 'నువ్వు' అన్న మొదటి మనిషి. నాకు తగిన మాటే.

అక్టోబర్ 10

ఉప్పాడ వెళ్లడం లేదు. వెనక్కి తిరిగాం. సముద్రం ఇప్పుడు కుడిచేతి పక్క. దేవీప్రసాద్ పాటలు కూడా పెట్టలేదు.

దిమ్మ వానలకి కాస్త చెమ్మెక్కి అడుగున నీరు వదిలింది. సురేష్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాంబిల్లి దగ్గర మూల చిదిపి నోట్లో వేసుకున్నాడు. మింగాడు.

"ఉప్పు లేదు బావా."

నేను అతని వైపు తిరిగాను.

"ఆరోజు కూడా లేదు" అన్నాడు.

అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"ఆరోజు నీ తర్వాత నేనూ నోట్లో వేసుకున్నాను కదా. తియ్యగా ఉంది. నువ్వు ఊసేసేవు. మూర్తిగారి కొడుకు ఊసేసేడంటే నాకే తెలీలేదేమో అనుకుని నేనూ ఊసేసేను. నన్ను చూసి నా పక్కనున్న చంద్రమౌళి ఊసేసేడు. ఆడ్ని చూసి మిగిలినోళ్లు."

"అక్కణ్ణుంచి సీజన్ అయ్యేదాకా నేను నీ మొహం చూసి మింగేవాణ్ణి" అన్నాను.

"నేను నీ మొహమే చూత్తన్నాను కదా!"

దేవీప్రసాద్ వ్యాన్ పక్కకి తీసి ఆపేశాడు. "అంటే రెండు నెలలపాటు అంత పెద్ద యార్డులో ఎవడూ బెల్లం రుచి చూళ్లేదా?" అన్నాడు. నవ్వొచ్చేలాగే అడిగాడు. ఎవరం నవ్వలేదు. పైకప్పు నుంచి నీళ్లు కారుతుంటే సురేష్ దిమ్మ మీదికి వంగి అడ్డం కూర్చున్నాడు.

అక్టోబర్ 11

అమ్మణ్ణికి చెప్పాలి. రేపు.

అక్టోబర్ 12

చెప్పలేదు. ఊరికే చిరాకు పడ్డాను ఆమె మీద. గదిలో అటూ ఇటూ తిరగడంతోనే సరిపోయింది.

ఎర్రయ్య ఆ అరెకరం ఇంకా దున్నలేదు కదా. వాన పడుతూనే ఉంది. ఇన్నాళ్లూ ఆగిపోవాలని తిట్టుకున్న వాన ఇంకో రెండు రోజులు పడితే బాగుండునని ఉంది.

అక్టోబర్ 13

యార్డు. సీజన్ కాదు కాబట్టి పదిహేనుమందే ఉన్నారు. సురేష్ దిమ్మ తెచ్చి మధ్యలో బల్ల మీద పెట్టాడు. చెప్పాను. జ్వరం నుంచి ఎర్రయ్య దాకా అన్నీ. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. దీన్ని తొమ్మిది నెలలు మోశానా?

అందరికంటే పెద్దవాడు సత్తియ్య గారు. "మీ నాన్న ఉంటే ఏమనేవాడ్రా" అన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

దిమ్మ చిదిపి తలా ఒక ముక్క ఇచ్చాం. నోట్లో వేసుకున్నారో లేదో, అందరి కళ్లూ నా మొహం మీదికే వచ్చాయి. అంతా విన్నాక కూడా. అలవాటు.

నేను వెనక్కి తిరిగి గోడకి మొహం పెట్టి నిలబడ్డాను. గోడకి మొహం పెట్టి నిలబడటం అయిదో క్లాసు తర్వాత ఇదే. వెనక ఎవరైనా ఉమ్మిన చప్పుడు వస్తుందేమోనని విన్నాను. చాలాసేపు విన్నాను. రాలేదు.

"మింగేసేం బావా. అందరం" అన్నాడు సురేష్.

ఇకనుంచి దిమ్మల దగ్గర నేను నిలబడను. ఎవరు నిలబడినా మిగిలినవాళ్లు అతని మొహం చూడకుండా గోడ వైపు తిరిగి, ఎవరి ముక్క వాళ్లు నోట్లో వేసుకుని, తర్వాతే చెప్పుకోవాలని సత్తియ్య గారు అన్నారు. కొట్టు ఉంటుందో ఉండదో చూడాలి. ఇవాళ దాని గురించి భయపడే ఓపిక కూడా లేదు.

ఎర్రయ్యకి ఫోన్ చేశాను. బుల్లమ్మ తీసింది. జరిగింది చెప్పాను. "మూడెకరాలు సరుగుడు పాతేసేం కదా" అంది. అవునన్నాను. క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడిగాను.

"అరుగు మీద మొక్కలు పక్కింటోలికి ఇచ్చేత్తాను" అంది. ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 14

వాన వెలిసింది. అమ్మణ్ణి కాఫీ ఇచ్చింది. తాగాను. ఏమీ లేదు.

"పంచదార సరిపోయిందా?" అని అడిగింది.

"తెలీడం లేదు" అన్నాను.

ఆమె గ్లాసు తీసుకుని, మిగిలిన గుక్క తాను తాగి చూసింది. "అసలు వెయ్యడమే మర్చిపోయాను" అంది. తర్వాత నా పక్కన కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

చెబుతున్నాను.